తెర మీది శాతం, అసలైన మిగులు



ఈ రోజు మాట్లాడబోయేది అరచేతిలో పట్టే ఒక చిన్న వీడియో రిసీవర్ గురించి, దాని తెర మూలన కనిపించే ఒక అంకె గురించి. అవతల ఎక్కడో బొటనవేలంత కెమెరా, దానికి తగిలించిన ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. ఇవతల ఈ రిసీవర్ ఉంటుంది. మధ్యలో తీగ ఉండదు. ఆ కెమెరాను ఎగిరే డ్రోన్‌కు కట్టినా, మిర్చి కల్లం దగ్గర గుంజకు బిగించి ఇంటి నుంచి కాపలా చూసుకున్నా సూత్రం ఒకటే. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చిపెట్టడం, పిచికారీ మీద పిచికారీ చేయాల్సి రావడం మన రైతులు మరిచిపోలేదు. 2023లో కేంద్ర ప్రభుత్వం మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు అందించే నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. అలా పర్చూరు లాంటి ఊళ్ల నల్లరేగడి పొలాల్లో కూడా డ్రోన్ అంటే వింతగా చూసే రోజులు పోయాయి. మందు కొట్టే పెద్ద డ్రోన్ల సంగతి నిపుణులు చూసుకుంటారు. ఇక్కడ నా మాటలు సరదాకో, నేర్చుకోవాలనో, సొంత అవసరానికో చిన్న వీడియో సెట్టు బిగించుకునేవాళ్ల కోసం. వాళ్ల తెర మీద సిగ్నల్ 80 శాతం అని పడుతుంది. దేంట్లో 80 శాతం? ఈ ప్రశ్నకు ఆ తెర దగ్గర జవాబు లేదు. ఆ అంకె ఇంకా కొలత కాలేదని, దాన్ని కొలతగా మార్చుకోవడం ఏ పల్లెలోనైనా సాధ్యమేనని, అలా మార్చాక చూడాల్సింది సిగ్నల్ ఎంత ఉందని కాకుండా ఎంత మిగిలి ఉందనేనని నా వాదం.

సిగ్నల్ బలాన్ని కంటికి చూపించాలన్న ఆలోచన కొత్తది కాదు. పాత వాల్వు రేడియోల్లో మేజిక్ ఐ అని ఆకుపచ్చ కన్ను ఉండేది. 1935 ప్రాంతంలో అమెరికాలో మొదలైన ఆ గొట్టం తర్వాత మన దేశపు రేడియోల్లోకీ వచ్చింది. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ కంట్లోని నీడ మూసుకునేది, పక్కకు జరిగితే తెరుచుకునేది. లోపల జరిగేదేమిటంటే, వచ్చే సిగ్నల్‌ను బట్టి రేడియో సిగ్నల్‌ను పెంచే మోతాదును తనే తగ్గించుకోవడానికి ఒక వోల్టేజీ తయారు చేసుకుంటుంది. ఆ వోల్టేజీనే కంటికి ఇచ్చేవారు. స్టేషన్ పట్టడానికి అది చక్కగా సాయపడేది, కానీ సిగ్నల్ ఎంతుందో చెప్పేది కాదు, చెప్పగలనని అనేది కూడా కాదు. ఈనాటి రిసీవర్‌లోని అంకె ఆ కన్నుకు వారసురాలే. తేడా ఒక్కటే: కన్ను అంకె చెప్పేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని లెక్కగా నమ్మలేదు. శాతం గుర్తు తగిలించేసరికి లెక్కలా కనిపించి నమ్మకం పుడుతోంది.

ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. 5.8 గిగాహెర్ట్జ్ వీడియో రిసీవర్లలో బాగా వాడుకలో ఉన్న మాడ్యూల్ పేరు ఆర్ఎక్స్5808. దానికి సిగ్నల్ బలాన్ని చూపే ఒక కాలు (పిన్) ఉంటుంది, దాన్ని ఆర్ఎస్ఎస్ఐ అంటారు. సిగ్నల్ ఏమీ లేనప్పుడు ఆ కాలు మీద దాదాపు అర వోల్టు, బలమైన సిగ్నల్ ఉన్నప్పుడు ఒక వోల్టుకు కొంచెం పైన ఉంటుంది. అంటే మొత్తం కథ అర వోల్టు, ముప్పావు వోల్టు జాగాలోనే నడుస్తుంది. ఆ వోల్టేజీని ఒక చిన్న కంప్యూటర్ చిప్ చదివి అంకెగా మారుస్తుంది. తర్వాత రిసీవర్ మీద ఒక బటన్ నొక్కి, ట్రాన్స్‌మిటర్ ఆపి ఉన్నప్పటి అంకెను సున్నా అనుకోమంటాం, పక్కన పెట్టి వెలిగించినప్పటి అంకెను నూరు అనుకోమంటాం. దీన్నే కాలిబ్రేషన్ అని పిలుస్తున్నారు. ఆ నూరు దేనికి నూరు? ఆ రోజు, ఆ బ్యాటరీతో, ఆ దూరంలో పెట్టిన ట్రాన్స్‌మిటర్‌కు నూరు. పైగా మరీ దగ్గర పెడితే రిసీవర్ నిండిపోయి అంకె ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి సిగ్నల్ పదింతలు పెరిగినా తెర మీద నూరే కనిపిస్తుంది.

దీన్ని కాగితం మీద వేసి చూస్తే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. దానికి ముందు డెసిబెల్ గురించి రెండు మాటలు. రేడియో సిగ్నళ్లు లక్షల రెట్లు, కోట్ల రెట్లు తేడాలతో ఉంటాయి కాబట్టి వాటిని రెట్లలో రాయడం కుదరదు. పది రెట్లను 10 డెసిబెల్స్ అంటారు, వంద రెట్లను 20, వెయ్యి రెట్లను 30. రెట్టింపు అంటే దాదాపు 3. ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుని దానికి ఎంత పైన లేదా కింద ఉందో చెప్పే లెక్కను డీబీఎం అంటారు. మీ సెల్‌ఫోన్ సెట్టింగుల్లో సిమ్ స్టేటస్ ఉంటే తెరిచి చూడండి, మైనస్ 85, మైనస్ 110 అంటూ ఉంటుంది. అది ఈ లెక్కే. ఫోన్ పైన కనిపించే గీతలు ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది, ఈ డీబీఎం మాత్రం ఎక్కడైనా ఒకటే. ఇప్పుడు మన వీడియోకు వద్దాం. 25 మిల్లీవాట్ల ట్రాన్స్‌మిటర్, రెండు వైపులా మామూలు యాంటెనాలు, మధ్యలో అడ్డేమీ లేని గాలి అనుకుంటే, ఒక మీటరు దూరంలో రిసీవర్‌కు అందేది మైనస్ 30 డీబీఎం. 10 మీటర్లలో మైనస్ 50, 100 మీటర్లలో మైనస్ 70. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి కాబట్టి 400 మీటర్లలో మైనస్ 82. అవతలి హద్దు ఎక్కడ? ఏ సిగ్నల్ లేకపోయినా వేడి వల్ల పుట్టే రొద ఉంటుంది. వీడియోకు కావలసిన 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో అది మైనస్ 101. రిసీవర్ సొంత రొద ఇంకో 6 నుంచి 8 కలుపుతుంది. అంటే రొద మట్టం మైనస్ 94 దగ్గర. ఈ తరహా వీడియో నిలకడగా కనిపించాలంటే రొద కన్నా దాదాపు 10 డెసిబెల్స్ పైన ఉండాలి. అంటే మైనస్ 84.

ఇప్పుడు ఇద్దరిని తీసుకోండి. ఒకరు తమ రిసీవర్‌కు ట్రాన్స్‌మిటర్‌ను ఆనించినంత దగ్గర పెట్టి నూరు గుర్తు పెట్టారు. అది మైనస్ 40 దగ్గర నిండిపోయి ఆగింది. ఇంకొకరు 20 మీటర్ల దూరం నుంచి, అంటే మైనస్ 56 దగ్గర, నూరు పెట్టారు. ఇద్దరిదీ ఒకే రకం మాడ్యూల్. 100 మీటర్ల దగ్గర మొదటివారికి 44 శాతం, రెండోవారికి 63 శాతం చూపిస్తుంది. సిగ్నల్ మాత్రం ఇద్దరికీ అదే మైనస్ 70. బొమ్మ చెదిరే చోటు మొదటివారికి 18 శాతం దగ్గర, రెండోవారికి 26 శాతం దగ్గర పడుతుంది. తన రిసీవర్‌లో 25 శాతం దాకా బాగానే ఉంటుందని మొదటివారు చెబితే, ఆ మాట నమ్మి వెళ్లిన రెండోవారి బొమ్మ అప్పటికే చెదిరి ఉంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి దగ్గరా ఉన్నది కొలత కాదు, అంతే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. అంకెతో మనకేం పని, తెర మీద బొమ్మ కనిపిస్తోంది కదా, చెదిరితే మనకే తెలుస్తుంది కదా అంటారు. న్యాయమైన మాటే. పాత దూరదర్శన్ రోజుల్లో అది నిజం కూడా. ఆ ప్రసారాల్లో బొమ్మను ఏఎం పద్ధతిలో పంపేవారు కాబట్టి సిగ్నల్ తగ్గిన కొద్దీ తెర మీద చుక్కలు మెల్లమెల్లగా పెరిగేవి. కళ్లే మీటరు. కానీ ఈ హాబీ వీడియో ఎఫ్ఎం పద్ధతిలో నడుస్తుంది. ఎఫ్ఎంకు ఒక గడప ఉంటుంది. గడపకు పైన ఉన్నంతసేపు బొమ్మ బాగానే ఉంటుంది, సిగ్నల్ తగ్గుతున్నా కాస్త గరుకు పెరిగినట్టు మాత్రమే తోస్తుంది. గడప దాటగానే తళుకు తళుకున చుక్కలు, వెంటనే బొమ్మ ముక్కలు. పైన వేసిన లెక్కలో 100 మీటర్ల దగ్గర గడపకు పైన 14 డెసిబెల్స్ ఉన్నాయి. 400 మీటర్ల దగ్గర రెండే ఉన్నాయి. రెండు చోట్లా చూసేవారు బొమ్మ వస్తోందనే అంటారు. మొదటి చోట ఒక మనిషి అడ్డొచ్చినా తట్టుకుంటుంది. రెండో చోట యాంటెనా కొద్దిగా ఒరిగితే చాలు, బొమ్మ పోతుంది. బొమ్మ ఉందా లేదా అన్నది కన్ను చెబుతుంది. ఇంకెంత దూరం పోవచ్చన్నది చెప్పదు.

తెలుగు పల్లెలకు ఎఫ్ఎం వీడియోతో పరిచయం ఇప్పటిది కాదని ఇక్కడ గుర్తు చేయాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ పేరుతో ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. 860 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎం పద్ధతిలో దిగే ఆ సిగ్నల్‌ను పట్టడానికి కోళ్ల గూళ్లకు వాడేలాంటి తీగ వలతో మూడు మీటర్ల డిష్‌లు చేసి ఊళ్లలో పెట్టారు. ఆ పనిని నేను గొప్పగా భావించేది ఇందుకే. తీగ వలతో చేసిన డిష్ చాలని చెప్పగలిగారంటే, గడపకు పైన ఎన్ని డెసిబెల్స్ మిగలాలో, డిష్ ఎంత ఉండాలో ముందే లెక్క కట్టుకున్నారన్నమాట. చవక సామగ్రితో ధైర్యం చేయడానికి వీలిచ్చింది ఆ మిగులు లెక్కే. అర్ధ శతాబ్దం తర్వాత మన చేతిలో ఉన్న సామాను అంతకన్నా చవక, లెక్క మాత్రం అదే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, సాంకేతికం తెలిసినవారు వేసేది. ఆర్ఎస్ఎస్ఐ ఆ ఛానెల్‌లో ఉన్న మొత్తం శక్తిని చూపిస్తుంది, అందులో మనదెంతో పక్కవారిదెంతో దానికి తెలియదు, అలాంటప్పుడు దాన్ని కొలిచి ఏం లాభం అంటారు. పూర్తిగా నిజం. దీనికి సాక్ష్యం డీటీహెచ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది. డీటీహెచ్ డిష్ బిగించేటప్పుడు టీవీలో రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి సిగ్నల్ స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. డిష్ ఉపగ్రహం వైపు చూడకపోయినా స్ట్రెంగ్త్ కొంత చూపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే డిష్ ముందున్న పరికరం పుట్టించే రొద కూడా ఆ గీతలో చేరుతుంది. క్వాలిటీ మాత్రం సున్నా. బిగించేవారు మొదటి గీతను పట్టించుకోకుండా రెండోదాన్ని చూసే డిష్ తిప్పుతారు. మన చిన్న వీడియో రిసీవర్‌లో మొదటి గీత ఒక్కటే ఉంది, రెండోది లేదు. అందుకే రెండో గీతను మనమే తయారు చేసుకోవాలి. దానికి పద్ధతి చాలా సులువు: ట్రాన్స్‌మిటర్ ఆపి ఒకసారి, వెలిగించి ఒకసారి చదవడం. మార్కెట్ యార్డులో మిర్చి బస్తా తూకం వేసినప్పుడు గోతం బరువు తీసేయకపోతే ఆ తూకానికి అర్థం లేనట్టే, ఆపినప్పటి అంకె లేకుండా వెలిగించినప్పటి అంకెకు అర్థం లేదు. ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై రౌటర్ ఉంటే ఆపినప్పుడే అంకె పైకి లేచి ఉండవచ్చు. అప్పుడు ఛానెల్ మార్చుకోవాలని అక్కడికక్కడే తెలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. డెసిబెల్ తేడా అంటే రెట్లు. ఆపినప్పటికీ వెలిగించినప్పటికీ తేడా 3 డెసిబెల్స్ ఉంటే సిగ్నల్, రొద సమానంగా ఉన్నాయని అర్థం. 10 ఉంటే సిగ్నల్ రొదకు తొమ్మిది రెట్లు.

అయితే వోల్టేజీ నుంచి డెసిబెల్‌కు వెళ్లడమెలా? ఇక్కడే మూడో అభ్యంతరం వస్తుంది. 6 గిగాహెర్ట్జ్ దాకా చదివే ప్రయోగశాల మీటర్లు లక్షల రూపాయల ఖరీదు, పర్చూరులో కుర్రాడికి ఎక్కడివి అంటారు. అవసరం లేదు. దానికి కావలసింది అటెన్యుయేటర్ అనే వేలి కణుపంత ఇత్తడి ముక్క. సిగ్నల్‌ను ఇంత అని చెప్పి అంతే తగ్గిస్తుంది. 3, 6, 10, 20 డెసిబెల్స్ విలువలతో దొరుకుతుంది. ఖరీదు వందల్లోనే. 6 గిగాహెర్ట్జ్ దాకా పనికొస్తుందని దాని మీద ఉందో లేదో చూసుకోవాలి. కేబుల్ టీవీకి వాడే 75 ఓముల ముక్కలు పనికిరావు, మన రిసీవర్లు 50 ఓములవి. ట్రాన్స్‌మిటర్‌ను 30 మీటర్ల దూరంలో గుంజ మీద కదలకుండా బిగించి, రిసీవర్‌కూ దాని యాంటెనాకూ మధ్య ముందు ఏమీ లేకుండా, తర్వాత 10, తర్వాత 20, తర్వాత 30 డెసిబెల్స్ పెట్టి ప్రతిసారీ ఆర్ఎస్ఎస్ఐ కాలు మీద వోల్టేజీ రాసుకోవాలి. వోల్టేజీ చూడటానికి కరెంటు మేస్త్రి దగ్గరుండే మల్టీమీటర్ చాలు. నాలుగు చుక్కలు గళ్ల కాగితం మీద పెట్టి గీత గీస్తే, ఎన్ని మిల్లీవోల్టులకు ఒక డెసిబెలో తెలుస్తుంది. ఆ గీత పై చివర వంగిపోతే అక్కడ రిసీవర్ నిండిపోతోందని, కింది చివర వంగిపోతే అక్కడ రొద మొదలైందని అర్థం. మధ్యలో తిన్నగా ఉన్న భాగమే మనకు కొలబద్ద. ఇందులో రెండు సంగతులు మరవకూడదు. ట్రాన్స్‌మిటర్‌ను యాంటెనా లేకుండా ఎప్పుడూ వెలిగించకూడదు, కాలిపోతుంది. రిసీవర్ యాంటెనా పూర్తిగా తీసేసినా బొమ్మ వస్తోందంటే సిగ్నల్ పెట్టె పక్క నుంచి దూరుతోందని, అటెన్యుయేటర్ లెక్క నిలవదని గ్రహించి దూరం పెంచుకోవాలి.

ఇంతకన్నా ముఖ్యమైన పని ఆ ఇత్తడి ముక్కలతోనే ఇంకోటి చేయవచ్చు. బొమ్మ బాగా వస్తున్న చోట నిలబడి, బొమ్మ చెదిరేదాకా అటెన్యుయేటర్లు ఒకదాని వెనక ఒకటి చేర్చుకుంటూ పోవాలి. 13 డెసిబెల్స్ పెట్టినప్పుడు చెదిరిందంటే ఆ చోట మిగులు 13 డెసిబెల్స్. ఏ మీటరూ అక్కర్లేదు, డీబీఎం కూడా అక్కర్లేదు. ఇది అసలైన కొలత. అలాంటప్పుడు ఆర్ఎస్ఎస్ఐ ఎందుకని అడగవచ్చు. ఎందుకంటే కెమెరా కదులుతున్నప్పుడు, ఎగురుతున్నప్పుడు అటెన్యుయేటర్లు బిగిస్తూ కూర్చోలేం. ముందుగా బొమ్మ చెదిరే చోట ఆర్ఎస్ఎస్ఐ వోల్టేజీ ఎంతో గుర్తు పెట్టుకుంటే, అక్కడి నుంచి పైకి లెక్కపెడుతూ ఆ అంకె ఎప్పటికప్పుడు మిగులును చెబుతుంది. తెర మీద సున్నా అంటే ట్రాన్స్‌మిటర్ ఆపిన స్థితి కాదు, బొమ్మ చెదిరే స్థితి అని పెట్టుకోవాలి. నూరు అక్కర్లేదు. గడపకు పైన 14, గడపకు పైన 6, ఇలా ఉండాలి ఆ అంకె. రిసీవర్లు తయారుచేసేవాళ్లు శాతం గుర్తు మాని ఇలా చూపిస్తే సగం గందరగోళం పోతుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు పొలంలోకి వెళదాం. అసలు సంగతులు అక్కడే ఉన్నాయి. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయన్న లెక్క గాలిలో నిజం, నేల మీద కాదు. పర్చూరు చుట్టూ పొలాలు బల్లపరుపుగా ఉంటాయి. అలాంటి నేల మీద ట్రాన్స్‌మిటర్ నుంచి ఒక అల నేరుగా, ఇంకో అల నేలను తాకి రిసీవర్‌కు చేరతాయి. రెండూ ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు ఐదు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే కాబట్టి ఈ ఎగుడుదిగుళ్లు దగ్గరదగ్గరగా వస్తాయి. కెమెరా మనిషి ఛాతీ ఎత్తున ఒకటిన్నర మీటర్ల మీద, రిసీవర్ యాంటెనా మూడు మీటర్ల గుంజ మీద ఉంటే, ఈ ఆట సుమారు 350 మీటర్ల దాకా సాగుతుంది. ఆ తర్వాత రెట్టింపు దూరానికి 6 కాదు, 12 డెసిబెల్స్ పోతాయి. అక్కడి నుంచి ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచడం కన్నా గుంజ పొడవు పెంచడం మేలు. ఒకవైపు ఎత్తు రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ వస్తాయి. శక్తితో అంత రావాలంటే నాలుగింతలు కావాలి, బ్యాటరీ అంత త్వరగా ఖాళీ అవుతుంది. వర్షం పడి నల్లరేగడి తడిసినప్పుడు నేల నుంచి తిరిగొచ్చే అల బలం మారుతుంది. తడిసిన రోజు కొలతకూ ఎండిన రోజు కొలతకూ తేడా వస్తే రిసీవర్‌ను అనుమానించనక్కర్లేదు.

పంట సంగతి చూడండి. రెండు యాంటెనాల మధ్య సూటిగా చూపు ఉంటే చాలదు. ఆ సూటి గీత చుట్టూ కొంత జాగా కూడా ఖాళీగా ఉండాలి. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 400 మీటర్ల దూరానికి నడిమధ్యలో ఆ జోన్ వ్యాసార్ధం 2.27 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 1.36 మీటర్లు, ఖాళీగా ఉండాలని ఇంజనీర్ల లెక్క. ఇందాకటి ఎత్తుల ప్రకారం నడిమధ్యలో గీత నేలకు 2.25 మీటర్ల పైన పోతుంది. మీటరు ఎత్తు మిర్చి చేను ఉంటే దాని పైన మిగిలేది 1.25 మీటర్లు. అంటే కొద్దిలో చాలదు. ఒకటిన్నర మీటర్ల పత్తి చేను ఉంటే మిగిలేది 75 సెంటీమీటర్లే. కెమెరా కనిపిస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం తడబడుతుంది. మధ్యలో సుబాబుల్ తోపు ఉంటే ఇంకా కష్టం. చెట్ల గుండా సిగ్నల్ ఎంత తగ్గుతుందో అంచనా వేయడానికి వీస్‌బర్గర్ లెక్క అని ఒకటుంది. దాని ప్రకారం ఈ పౌనఃపున్యంలో ఆకులున్న చెట్ల మధ్య ప్రతి మీటరుకు ముప్పావు డెసిబెల్ దాకా పోతుంది. పది మీటర్ల తోపుకు ఏడు పైచిలుకు. 14 డెసిబెల్స్ మిగులున్నవారికి ఇది లెక్కలోకి రాదు, రెండు మిగులున్నవారికి బొమ్మే ఉండదు.

అలను మెలితిప్పి పంపే, వృత్తాకార ధ్రువణం ఉన్న యాంటెనాలు పెడితే తిరిగొచ్చే అలల బెడద పోతుందని తరచూ చెబుతుంటారు. గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద కాస్త సూటిగా తగిలి వెనక్కొచ్చే అల మెలిక దిశ మారుతుంది కాబట్టి ఆ యాంటెనా దాన్ని చాలావరకు వదిలేస్తుంది, అంతవరకు నిజం. కానీ చదునైన పొలం మీద నేలను ఒరుసుకుంటూ వచ్చే అలకు మెలిక దిశ మారదు. అందుకే ఊళ్లో ఇళ్ల మధ్య ఆ యాంటెనా ఇచ్చే లాభం పొలం మధ్య అంతగా కనిపించదు. పట్నంలో మేడల మధ్య పరీక్షించినవారి సలహాను చేలో గుడ్డిగా వాడకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. మన నేలకు మన లెక్కలు కావాలి. అవి ఇంకెవరో రాసి పంపరు.

ఇన్ని మారుతుంటే కొలతకు విలువేముంది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వస్తుంటే ఏది నమ్మాలి అన్నది నాలుగో అభ్యంతరం. మారడం వల్లనే కొలత కావాలి. ఎప్పుడూ ఒకేలా ఉంటే ఒక్కసారి చూసి వదిలేయవచ్చు. మారేదాన్ని కొలిచే పద్ధతి వేరు. ఒకే చోట ఒక్క అంకె చూసి ముగించకుండా, గుంజను ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు జరుపుతూ పదిహేను ఇరవై అంకెలు తీసుకుని, వరుసలో పేర్చి నడిమి అంకెను ఆ చోటి విలువగా రాసుకోవాలి. అన్నిటికన్నా తక్కువగా వచ్చిన అంకెను కూడా పక్కన రాయాలి, ఎందుకంటే బొమ్మ పోయేది ఆ చోటే. చదివేటప్పుడు మనిషి రిసీవర్ వెనక ఉండాలి, మధ్యలో కాదు. మన ఒంట్లో నీళ్లు ఎక్కువ, 5.8 గిగాహెర్ట్జ్‌కు మనిషి పది డెసిబెల్స్‌కు పైనే అడ్డు. మన మండువేసవిలో రిసీవర్ వేడెక్కితే ఆర్ఎస్ఎస్ఐ వోల్టేజీ కూడా కొంత జరుగుతుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ ట్రాన్స్‌మిటర్ ఆపి రొద మట్టం చూసుకోవాలి. రెండు సార్లూ ఒకటే ఉంటే మధ్యలోని అంకెలను నమ్మవచ్చు.

హ్యామ్ రేడియో వారు ఈ క్రమశిక్షణను చాలా కాలంగా పాటిస్తున్నారు. వారి రిసీవర్ల మీద ఎస్-మీటర్ ఉంటుంది. ఎస్9 అంటే షార్ట్‌వేవ్‌లో మైనస్ 73 డీబీఎం అని, ఒక్కో మెట్టు 6 డెసిబెల్స్ అని అంతర్జాతీయంగా ఒప్పందం చేసుకున్నారు. అయినా ఎన్నో మీటర్లు దానికి సరిపోవని వాళ్లకే తెలుసు కాబట్టి, శ్రద్ధ ఉన్నవారు తమ మీటరును తామే సరిచూసుకుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌కు వెళ్లిన బృందం 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అక్కడే ఉంది. మామూలు ఫోన్లు మూగబోయిన రోజుల్లో వాళ్ల సెట్లు పనిచేశాయి. సరదా కోసం మొదలైన రేడియో ఆపదలో ఆదుకోవాలంటే తన సెట్టు ఎంత దూరం వినిపిస్తుందో ముందే తెలిసి ఉండాలి. అందుకే దీన్ని పిల్లల ఆటగా కొట్టిపారేయడం నాకు నచ్చదు.

ఇప్పుడంతా డిజిటల్ వీడియో వచ్చేసింది, ఈ గొడవంతా పాతబడింది కదా అనేవారూ ఉన్నారు. డిజిటల్‌లో చాలా సెట్లకు గడప ఇంకా కఠినం. చివరి డెసిబెల్ దాకా బొమ్మ అద్దంలా ఉండి, ఒక్కసారిగా గడ్డకట్టుకుపోతుంది. కన్ను ముందస్తు హెచ్చరిక ఇవ్వడం ఎఫ్ఎంలో కొద్దిగానైనా ఉంది, ఇక్కడ దాదాపు లేదు. కాబట్టి మిగులు లెక్క అవసరం పెరిగిందే కానీ తగ్గలేదు. సౌకర్యం ఏమిటంటే, మంచి డిజిటల్ రిసీవర్లు బలంతో పాటు నాణ్యతను కూడా అంకెలో చూపుతాయి, డీటీహెచ్‌లో రెండో గీతలాగా. ఆ అంకె బొమ్మ పోయే చోట ఎంత ఉంటుందో అటెన్యుయేటర్‌తో ఒకసారి కనుక్కుంటే చాలు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో వైఫై తరహా పరికరాలకు లైసెన్సు మినహాయింపు విస్తరించింది. అందులో పైభాగం 5,725 నుంచి 5,875 మెగాహెర్ట్జ్ దాకా. మార్కెట్‌లో దొరికే వీడియో ట్రాన్స్‌మిటర్లలో 40 ఛానెళ్లు ఉంటాయి, అందులో 5,880, 5,917, 5,945 వంటివి ఆ హద్దు దాటి ఉన్నాయి. వాటి జోలికి పోకుండా 5,800 పరిసరాల్లో ఒక ఛానెల్ ఎంచుకుని, తక్కువ శక్తితోనే కొలతలన్నీ చేయాలి. శక్తి తక్కువైతే గడప దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి పొలం దాటి వెళ్లాల్సిన పని కూడా ఉండదు. డ్రోన్ ఎగరేసేవారు 2021 డ్రోన్ నిబంధనలు చదువుకోవాలి. గుంజ మీద పెట్టి కొలిచేవారికి ఆ చిక్కు లేదు, కొలతకు గుంజే మేలు కూడా.

పర్చూరులో ఈ పని మొదలుపెట్టేవారికి పంటకాలమే సరైన పట్టిక. మిర్చి నారు నాటే ఆగస్టు, సెప్టెంబరులో చేను చీలమండ ఎత్తున ఉంటుంది, జనవరిలో నిండుగా ఉంటుంది, ఏప్రిల్‌కు కోతలైపోయి ఎండుకట్టె మిగులుతుంది. అవే రెండు గుంజలు, అవే ఎత్తులు, అదే ఛానెల్, అదే రిసీవర్ పెట్టి ఈ మూడు కాలాల్లోనూ 100, 200, 400 మీటర్ల దగ్గర మిగులు ఎంతో రాసుకోవాలి. పక్కన పైరు ఎత్తు, నేల తడి, వేళ, ఆపినప్పటి అంకె రాయాలి. పత్తి చేను మీద ఇంకో వరుస, సుబాబుల్ తోపు వెనక నుంచి ఇంకో వరుస వేసుకోవాలి. కాగితం మీద మనం వేసిన 14, 2 అనే మిగులు అంకెలు చేలో ఎంతకు తేలతాయో, ఏ కాలంలో ఏ గుంజను ఎంత ఎత్తాలో అప్పుడు ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఒక ఊళ్లో రాసిన పట్టికను పక్క ఊరివాళ్లు తమ రిసీవర్‌తో సరిపోల్చుకోవాలంటే అంకెలు శాతాల్లో ఉండకూడదు, గడపకు పైన ఎన్ని డెసిబెల్సో రాసి ఉండాలి.